ఓటు పడకుండానే మారిపోయిన సిద్ధాంతం



ఈ మధ్య నా ఫోనుకు ఒకే రకం సందేశాలు వస్తున్నాయి. కొన్ని హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లల దగ్గర్నుంచి, రెండు మూడు అమెరికా నుంచి, మిగతావి ఇక్కడే నందిగామ, జగ్గయ్యపేట, కంచికచర్ల వైపు విశ్వాసుల దగ్గర్నుంచి. "అయ్యగారూ, మన సి.ఎస్.ఐ.లో సిద్ధాంతం చెడిపోయింది. ఇంకా ఇందులో ఎందుకు? బయటికొచ్చి వాక్యానుసారమైన సంఘం పెట్టుకుందాం" అని. దానికి తోడు ఎవరో ఎక్కడో మాట్లాడిన వీడియో ఒకటి. అందరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. కొంచెం కటువుగానే ఉంటుంది, సహించండి.

సిద్ధాంతం చెడిందన్న మాట నిజం. అందులో నాకు మీతో పేచీ లేదు. అది ఎక్కడ చెడిందో చూడడంలోనే పేచీ. మీరు చూపు పెట్టిన చోట మన రోగం లేదు.

మీరు పంపే వీడియోలన్నీ అమెరికావి, ఇంగ్లండువి. అక్కడ జరిగింది చిన్న విషయమేమీ కాదు. యునైటెడ్ మెథడిస్టు సంఘం నుంచి 2019 నుంచి 2023 లోపల 7,600కు పైగా స్థానిక సంఘాలు విడిపోయాయి. వివాహం గురించి, లేఖనాల అధికారం గురించి అక్కడ సభలు కూర్చున్నాయి, ఓట్లు పడ్డాయి, సమ్మతించనివాళ్ళు గుడి తాళాలు తీసుకుని వెళ్ళారు. ఆంగ్లికన్లలో కూడా అలాంటి తగవే నడుస్తోంది. వాళ్ళ బాధ వాళ్ళది, వాళ్ళ కోసం ప్రార్థిద్దాం. కానీ డల్లాసులో కాలిన చేతికి జగ్గయ్యపేటలో కట్టు కట్టుకుంటే మన పుండు మానదు.

మనకు అలాంటి ఓటు పడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే కలిసి ఉన్న కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలవాళ్ళు ఒక్కటై దక్షిణ ఇండియా సంఘమయ్యారు. ఆ రోజు వాళ్ళు ఒప్పుకున్న పునాది ఇది: రక్షణకు కావలసినదంతా పరిశుద్ధ లేఖనాల్లో ఉంది, విశ్వాసానికి అంతిమ ప్రమాణం అవే. అపొస్తలుల విశ్వాస ప్రమాణం, నైసీయ విశ్వాస ప్రమాణం ఆ విశ్వాసానికి సాక్ష్యాలు, కావలి గోడలు. బాప్తిస్మం, ప్రభు భోజనం అనే రెండు సంస్కారాలు. ఈ పునాదిని ఎవరూ కొట్టేయలేదు. మన నిబంధనల పుస్తకంలో ఈనాటికీ ఉంది. రేపు ఎవరైనా దాన్ని తీసేయమని సినడ్‌లో తీర్మానం పెడితే గగ్గోలు పుడుతుంది, మీకంటే ముందు నేనే బస్సెక్కుతాను.

మరి ఏం మారింది? చెప్పడం మానేశాం. అంతే.

క్రీస్తు శకం 325లో నైసీయ పట్టణంలో కూర్చున్న బిషప్పుల సంగతి చదివే ఉంటారు. కుమారుడు తండ్రితో సమానుడా, లేక సృజింపబడినవాడా అన్న ఒక్క ప్రశ్న మీద వాళ్ళు పట్టిన పట్టు తర్వాత తరాలవాళ్ళను దేశాలు దాటించింది, పదవులు ఊడగొట్టింది. ఆ పోరాటంలోంచి వచ్చిన ప్రమాణాన్ని మనం ఎలా పోగొట్టుకున్నాం? ఒక పాట ఎక్కువైందని. లైవ్‌లో టైము అయిపోతోందని. "ఈ వారం విశ్వాస ప్రమాణం వదిలేద్దాం అయ్యగారూ, స్పెషల్ పాట ఉంది" అని అడిగేవాళ్ళు దొడ్డ భక్తులే. ఆ వారం వదిలేస్తే వచ్చే వారం ఎవరికీ గుర్తుండదు. అరియుకు సాధ్యం కాని పని మన కీబోర్డు చేసింది.

ఈ మాట మధ్యలో ఒకటి చెప్పి ముందుకు పోతాను. "సిద్ధాంతం చెడింది" అనగానే కొందరు వెంటనే ఎత్తేది స్త్రీ బిషప్ సంగతి. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఎగ్గోని పుష్పలలితమ్మగారు బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్. దాని మీద లేఖనం పట్టుకుని వాదించేవాళ్ళు వాదించుకోవచ్చు, ఆ వాదన నేను తక్కువ చేయను. అయితే మన మెట్ట ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి, రాత్రిపూట లాంతరు వెలుగులో వాక్యం వల్లెవేయించిన బైబిల్ స్త్రీల చేతుల్లో విశ్వాసం చెడిపోలేదు. వాళ్ళ మనవలు సెల్‌ఫోన్లు పట్టుకున్నాక చెడింది. కాబట్టి నా పోరు అక్కడ లేదు.

నా పోరు బాప్తిస్మం దగ్గర ఉంది.

మన ప్రాంతపు సంఘ చరిత్ర గుర్తుచేసుకోండి. సి.ఎం.ఎస్. మిషనరీలు ఫాక్స్, నోబుల్ 1841లో బందరులో దిగారు. నోబుల్ దొర పై కులాల పిల్లలకు బడి పెట్టాడు. మంచి బడే. కానీ మన ఊళ్ళలోకి సువార్త ఆ బడి గుమ్మంలోంచి నడిచి రాలేదు. నందిగామ వైపు రాఘవాపురం మాలపల్లె నుంచి పాగోలు వెంకయ్య అనే మనిషి లేచాడు. విగ్రహాలు దేవుళ్ళు కావన్న మాట ఎవరో అనగా విన్నాడు. పేరు తెలియని దేవుణ్ణి పట్టుకుని, నువ్వెవరో నాకు కనిపించమని ప్రార్థించడం మొదలుపెట్టాడు. చివరికి బెజవాడ వెళ్ళి డార్లింగ్ అనే మిషనరీని కలిశాడు. 1859లో బాప్తిస్మం పొందాడు. డెల్టాలోనూ మెట్టలోనూ పల్లెలకు పల్లెలు ప్రభువు దగ్గరికి రావడానికి ఆ బాప్తిస్మం తలుపు తీసింది.

ఆయన దేవుణ్ణి హృదయంలో నమ్మడం బెజవాడ వెళ్ళక ముందే మొదలైందని గమనించండి. ఇంట్లో కూర్చుని "నా మనసుకు తెలుసులే" అని ఊరుకుంటే ఎవరడ్డం? ఆ రోజుల్లో ఊరి కొలుపుల్లో తమకు అప్పగించిన పని మానేస్తే ఊరితో పేచీ. పేచీ అంటే కూలి పోవడం, కల్లంలో గింజలు పోవడం. నీళ్ళలో దిగినవాడు పదిమంది ఎదుట దిగాలి. దిగారు.

ఇప్పుడు మన సంగతి. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డు కులాల హక్కు హిందువులకే అని రాశారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలను బి.సి.-సి లో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. 2025లో మన హైకోర్టు ఒక కేసులో, క్రైస్తవుడైనవాడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. ఆ కేసులో తనను కులం పేరుతో తిట్టి కొట్టారని ఫిర్యాదు చేసిన మనిషి ఒక పాస్టరు. అంటే బాప్తిస్మం నీళ్ళతో కులం కడుక్కుపోయిందని చట్టం అంటుంది. బావి దగ్గర, టీ కొట్టు దగ్గర, పెళ్ళి సంబంధం దగ్గర అది ఎంత కడుక్కుపోయిందో మీకు నేను చెప్పాలా?

ఈ ఉత్తర్వు అన్యాయం. మతాన్ని బట్టి దళితుణ్ణి విడదీయడం అన్యాయమని నేను ప్రసంగపీఠం మీద నుంచీ చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. దాని మీద పోరాడేవాళ్ళకు నా మద్దతు ఉంది.

కానీ మనం ఏం చేశాం? ఉత్తర్వును మార్చలేక సిద్ధాంతాన్ని మార్చుకున్నాం. "హృదయంలో నమ్మితే చాలు, బాప్తిస్మం ఆచారమే కదా." ఈ మాట మొదట అన్నది భయపడిన తల్లి కాదు, మన సేవకులే. డి.ఎస్సీ.కి చదువుతున్న కుర్రాడు బాప్తిస్మం అడిగితే, "ఉద్యోగం వచ్చాక చూద్దాంలే బాబూ" అని వాయిదా వేసినవాళ్ళున్నారు. ఉద్యోగం వచ్చాక ప్రమోషను, ప్రమోషను వచ్చాక కూతురి సీటు, సీటు వచ్చాక మనవడి సర్టిఫికెట్టు. అలా అరవై ఏళ్ళు వచ్చి, పెట్టె ముందు నిలబడి సమాధి ఆరాధన చదివేటప్పుడు, ఈ సహోదరుడు సంఘ సభ్యుడా కాదా అని రిజిస్టరు తిప్పుతూ పాస్టరు నిలబడాలి.

ఒక తల్లి నాతో అన్నది, ఆమె పేరూ ఊరూ అక్కర్లేదు: "అయ్యగారూ, మావాడు దేవుణ్ణి నమ్ముకున్నాడు. దేవుడికి తెలిస్తే చాలదా? మీ పుస్తకంలో ఎక్కాలా?" ఆమెను నేను కోప్పడలేదు. మిరప కోతల్లో వేళ్ళు మండించుకుని కొడుకుని చదివించిన మనిషి. ఆమె భయం ఉత్తుత్తి భయం కాదు. తహసీల్దారు ఆఫీసులో ఏం రాసుకోవాలో చెప్పడం నా పని కూడా కాదు, అది ఆ కుటుంబానికీ వాళ్ళ మనస్సాక్షికీ దేవునికీ మధ్య తేలవలసిన సంగతి. నేను ఆమెకు చెప్పింది ఒక్కటే. బాప్తిస్మానికి ఇంత ఖర్చుందని నీకు తెలుసు కాబట్టి, అది ఉత్త ఆచారం కాదని నాకంటే నీకే బాగా తెలుసమ్మా. ఖర్చు లేనిదైతే ఎవరూ దాచుకోరు. రోమా 10:9–10లో పౌలు హృదయాన్నీ నోటినీ రెంటినీ కట్టి పెట్టాడు. ముడి విప్పి సగం తీసుకోవడానికి నాకు అధికారం లేదు. నీ కొడుకు ఆగుతానంటే ఆగనీ, నేను వాణ్ణి వెలివేయను, ఆదివారం వాడి చోటు వాడిదే. కానీ ఆగడమే సరైన సిద్ధాంతమని మాత్రం నా నోటితో చెప్పించకు.

బలహీనతను మోయడం వేరు, బలహీనతకు వాక్యం పేరు పెట్టడం వేరు. మొదటిది కాపరి పని. రెండోదాన్ని యిర్మీయా 6:14లో ప్రవక్త ఏమన్నాడో తీసి చదువుకోండి.

దీనికి చదువుకున్నవాళ్ళ అండ కూడా ఉంది, అదే నాకు ఎక్కువ కష్టం. సెమినరీలో మేము చదివిన రోజుల్లో ఈ వాదన నోట్సులో ఉండేది. 1970 దశకం మొదట్లో ఎం.ఎం. థామస్‌గారికీ లెస్లీ న్యూబిగిన్ బిషప్‌గారికీ మధ్య రాతల్లో పెద్ద చర్చ నడిచింది. హిందూ సమాజంలోనే ఉండిపోతూ క్రీస్తు కేంద్రంగా ఒక సహవాసం ఉండొచ్చా, దానికి బాప్తిస్మమూ విడి సంఘమూ తప్పనిసరా అన్నది ప్రశ్న. న్యూబిగిన్ మన సి.ఎస్.ఐ. మొదటి రోజున అభిషేకం పొందిన బిషప్పుల్లో ఒకరు. కంటికి కనిపించే సంఘం లేకుండా క్రీస్తుకు చెందడం అనేది నిలబడదని ఆయన పట్టుబట్టారు. తర్వాత 1991లో హోఫర్ అనే లూథరన్ మిషనరీ, తమిళనాట బాప్తిస్మం లేకుండా యేసును నమ్ముకున్నవాళ్ళ గురించి ఒక పుస్తకమే వేశాడు. అలాంటివాళ్ళు ఉన్నారన్నది నిజం, పుస్తకం చూడకుండానే నేను నందిగామలో చూపించగలను. అయితే ఉన్నదాన్ని ఉండవలసినదిగా చేయడం ఎక్కడి తర్కం? జ్వరం చాలామందికి ఉందని, ఇకమీదట అదే ఆరోగ్యమని రాసి గోడకు అంటిస్తామా?

థామస్‌గారు గొప్ప పండితులు, ఆయన ఉద్దేశంలో క్రీస్తు మీద ప్రేమ ఉంది. నా కోపం ఆయన మీద కాదు. ఆయన వాదన ఎన్నడూ చదవకుండా, దాని ఫలితాన్ని మాత్రం తీసుకుని మన పాస్టరేట్లలో సౌకర్యంగా వాడుకుంటున్నవాళ్ళ మీద. ఇందులో లాభం చూడండి. బాప్తిస్మం లేనివాడు సభ్యుడు కాడు, సభ్యుడు కానివాడికి కమిటీలో ఓటు లేదు. గుడి నిండా రెండొందల మంది ఉన్నా, ఓటున్న నాలుగు కుటుంబాలే తరతరాలు పెద్దరికం చేయొచ్చు. కొందరు పెద్దలకు ఈ "హృదయంలో చాలు" సిద్ధాంతం ఎందుకంత తియ్యగా ఉందో ఆలోచించండి.

దోర్నకల్ అజరయ్య బిషప్‌గారి రోజులతో పోల్చండి. మన కృష్ణా జిల్లా సంఘాలు కూడా ఆయన కాపుదలలో ఉన్నవే. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన మనిషి, ఎద్దుబండి మీద పల్లెలు తిరిగాడు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ చేత చెయ్యి తల మీద పెట్టించి, సువార్త ప్రకటించే భారం నా మీద ఉందన్న పౌలు మాటను (1 కొరింథీ 9:16) పలికించేవారు. చదువు రానివాళ్ళ చేత, కూలివాళ్ళ చేత. ఆ రోజునుంచే వాడు సాక్షి. మనం ఈ రోజు పట్టా పుచ్చుకున్నవాడికి "గట్టిగా చెప్పకు బాబూ" అని నేర్పుతున్నాం.

బోధ తీసేసిన చోటు ఖాళీగా ఉండదు. ఖాళీ ఇంట్లోకి ఎవరొస్తారో మత్తయి 12లో ప్రభువే చెప్పాడు. మన చోట్లోకి వచ్చింది ఆశీర్వాద సువార్త. దీని గురించి ఎక్కువ రాయను, మీకే తెలుసు. 31 రాత్రి వాగ్దాన కార్డు తీస్తాం, లాటరీ టికెట్టులా చూసుకుంటాం. నాకు శిక్షించే తండ్రి గురించిన వాక్యం (హెబ్రీ 12) వచ్చిందని ఇంకో కార్డు అడిగిన విశ్వాసి ఉన్నాడు. ఆ వాక్యం అసలు ఆ డబ్బాలోకి ఎలా వచ్చిందో, ప్రింటు వేసినవాడు పొరపాటున వేసి ఉంటాడు. అభిషేక తైలం సీసాలు, ఇంటి పత్రాల మీద ప్రార్థన, వీసా ప్రార్థన. ఇవన్నీ బయటి షెడ్లలో జరుగుతాయని మనం వేలు చూపించేవాళ్ళం. ఇప్పుడు మన గుళ్ళలోనే, మన అంగీలు వేసుకునే జరుగుతున్నాయి, కానుక పళ్ళెం బరువెక్కుతుంది గనుక ఎవరూ మాట్లాడరు.

దీని దెబ్బ ఎవరికి తగులుతుందో చెప్తాను. మిర్చి ధర పడిపోయిన ఏడాది, వత్సవాయి వైపు ఒక కౌలు రైతు కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టి వడ్డీలు కట్టలేక కూర్చున్నాడు. ఒక కూటంలో ఆయనకు చెప్పారు: నీ విశ్వాసంలో లోపం ఉంది, విత్తనకానుక వెయ్యి అని. వేశాడు. ధర లేవలేదు. ఇప్పుడాయన గుడికి రాడు. "నాలో విశ్వాసం లేదంట అయ్యగారూ, లేనివాడు రావడం దేనికి" అంటాడు. హబక్కూకు మూడో అధ్యాయం చివరి వచనాలు, అంజూరపు చెట్టు పూయకపోయినా అన్న ఆ భాగం, ఆ మనిషికి చిన్నప్పుడే ఎవరైనా వల్లెవేయించి ఉంటే, ఆ సీసా అమ్మేవాడి ముందు ఆయన దగ్గర ఒక జవాబు ఉండేది. మనం ఇవ్వలేదు. సిద్ధాంతం అంటే సెమినరీ లైబ్రరీలో దుమ్ము పట్టే సరుకు అనుకునేవాళ్ళకు ఆ రైతు ఇల్లు చూపిస్తాను.

ఇక మీ అసలు ప్రశ్న, బయటికి పోదామా అన్నది.

పోయినవాళ్ళున్నారు, పోవడం ఎప్పుడూ పాపమని నేను అనను. స్పర్జన్ 1887లో బాప్టిస్టు యూనియన్ విడిచాడు. ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో లూథరన్ సంఘంలోంచి వచ్చి బైబిలు మిషను మొదలుపెట్టారు. వాళ్ళతో ఏకీభవించినా లేకున్నా, వాళ్ళు దేనికోసం పోయారో ఒక్క వాక్యంలో చెప్పగలిగారు.

మనకు మరీ దగ్గరి ఉదాహరణ నంద్యాల. 1947లో అందరూ సి.ఎస్.ఐ.లో కలుస్తుంటే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది రామన్నారు. బిషప్పుల చేత అభిషేకం పొందని పాస్టర్లు కూడా సంస్కారం ఇవ్వడం వాళ్ళకు మింగుడుపడలేదు. ఇంగ్లండులో కూడా ఈ ఏకీకరణ మీద గొడవ ఎంత ఉందంటే, టి.ఎస్. ఎలియట్ అనే పెద్ద కవి 1943లో మన పథకానికి వ్యతిరేకంగా ఒక చిన్న పుస్తకమే అచ్చు వేశాడు. మన పల్లెటూరి గుళ్ళ కోసం లండను కవి కలం పట్టడం చిత్రమే. నంద్యాలవాళ్ళు విడిగానే ఉండి 1963లో తమ డయోసిస్ ఏర్పరచుకున్నారు, 1975లో సి.ఎస్.ఐ.లో కలిశారు. ఇరవై ఎనిమిదేళ్ళు. వాళ్ళ పట్టుదల సరైనదని నేను అనుకోను. కానీ వాళ్ళను చూస్తే నాకు గౌరవం, ఎందుకంటే ఆ ఊళ్ళ సామాన్య విశ్వాసికి కూడా సంస్కారం ఎవరు ఇవ్వాలి, ఎందుకు అన్న ప్రశ్న ప్రాణప్రదమైంది.

ఇప్పుడు మన చీలికలు చూడండి. హైవే పొడుగునా నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా రేకుల షెడ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్ళండి. అందులో మంచి సేవకులు లేకపోలేదు, కొందరు నా స్నేహితులు. కానీ సి.ఎస్.ఐ.లోంచి పోయి పెట్టినవాటి పుట్టుక అడగండి. కమిటీ ఎన్నికల్లో ఓడిపోయారు. అన్నదమ్ములకు పడలేదు. బదిలీ నచ్చలేదు. "వాక్యం కోసం బయటికొచ్చాం" అన్న బోర్డు తర్వాత రాయించింది. లోపల విశ్వాస ప్రమాణం మనకంటే తక్కువ, తైలం మనకంటే ఎక్కువ.

స్పర్జన్ గురించి ఒక మాట మిగిలింది. ఆయన పోరు ఓడిపోవడానికి పెద్ద కారణం, ఆ యూనియన్‌కు ముంచి ఇచ్చే బాప్తిస్మం గురించి తప్ప రాతపూర్వకమైన విశ్వాస ప్రమాణం లేకపోవడం. ఎవరి బోధ తప్పని దేనితో కొలిచి చూపించాలి? కొలబద్ద లేదు. అందుకే ఆయనకు బయటికి పోవడం తప్ప దారి మిగల్లేదు. మనకు కొలబద్ద ఉంది. నిబంధనల్లో ఉంది, ఆరాధన పుస్తకంలో ఉంది, ప్రతి పాస్టరూ అభిషేకం రోజున దాని మీద మాట ఇచ్చాడు. చేతిలో దస్తావేజు ఉన్నవాడు పొలం వదిలి పారిపోతాడా? ఆక్రమించినవాణ్ణి దస్తావేజు చూపించి అడుగుతాడు.

అడగడం మనం మరిచాం. బిషప్పుల పదవీ విరమణ వయసు 67 ఉండాలా 70 ఉండాలా అన్న సవరణ మీద మన సినడ్ తగవు మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళింది. లాయర్లు, ఫీజులు, స్టేలు. డయోసిస్ ఎన్నికలప్పుడు కార్లు, భోజనాలు, కులాల లెక్కలు. సరే, వాటికి అడిగేవాళ్ళున్నారు. మీ గుళ్ళో ఎన్ని ఆదివారాలుగా పాపం అనే మాట వినపడలేదో, కన్ఫర్మేషన్ క్లాసు మూడు నెలలనుంచి మూడు రోజులకు ఎందుకు తగ్గిందో అడుగుతూ ఒక్క అర్జీ అయినా ఏ పాస్టరేట్ కమిటీకైనా వెళ్ళిందా? నేను ఇన్నేళ్ళ సేవలో అలాంటి కాగితం చూడలేదు. జనరేటరు గురించి చూశాను, కుర్చీల గురించి చూశాను.

కాబట్టి బయటికి పోదామనే సహోదరులకు నా షరతు. ముందు ఏడాదిపాటు లోపల అడగండి. లిఖితపూర్వకంగా అడగండి, పేరు పెట్టి అడగండి. మీ పాస్టరును అడగండి, నన్నూ అడగండి. విశ్వాస ప్రమాణం ఏ ఆదివారం మానేశారు, ఎందుకు మానేశారు? బాప్తిస్మం గురించి చివరి ప్రసంగం ఎప్పుడు? తైలం అమ్మే బోధకుణ్ణి మన గుళ్ళో ఎవరు నిలబెట్టారు? జవాబు రాకపోతే డయోసిస్‌కు రాయండి. ఇవన్నీ చేశాక, అయినా తలుపు మూస్తే, అప్పుడు వచ్చి మాట్లాడండి, నేను వింటాను. ఇవేవీ చేయకుండా స్థలం బేరం చేస్తున్నామంటే, మీ బాధ సిద్ధాంతం గురించి అని నన్ను నమ్మమనకండి.

"అయ్యగారూ, ఇవన్నీ చెప్తే యూత్ ఉండరు" అంటారు. ఉండరేమో. ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? పాటలు పెంచాం, ప్రసంగం తగ్గించాం, లైట్లు పెట్టాం, అయినా పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు, ఎందుకంటే లైట్లు పక్క షెడ్డులో ఇంకా బాగున్నాయి. 2 తిమోతి 4లో దురద చెవుల గురించి రాసిన పౌలు దానికి మందు కూడా అక్కడే రాశాడు, సమయమందునూ అసమయమందునూ వాక్యమే. గోకడం ఆయన రాయలేదు.

మా పాస్టరేట్ వరకు పని మొదలుపెడుతున్నాం. సెప్టెంబరు ఆఖరి ఆదివారం సంఘ ఐక్య దినం. ఆ రోజు నైసీయ విశ్వాస ప్రమాణం పుస్తకం మూసి చెప్పాలి, కన్ఫర్మేషన్ అయిన ప్రతి ఒక్కరూ, కమిటీ పెద్దలతో మొదలుపెట్టి. అప్పటిదాకా ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నలభై నిమిషాలు ప్రశ్నోత్తరి క్లాసు, పెద్దలకు. పిల్లలకు శనివారం సాయంత్రం. బాప్తిస్మం గురించి మాట్లాడాలనుకునే కుటుంబాలు బుధవారం రాత్రి ఇంటికి రండి. అమ్మగారు, నేను ఉంటాం, ఇంకెవరూ ఉండరు, మాట బయటికి పోదు. మన ముసలమ్మల్లో నలుగురికి పాత ప్రశ్నోత్తరి ఇంకా నోటికి వచ్చు. క్లాసులో సగం వాళ్ళే చెప్పబోతున్నారు. వాళ్ళను ఊళ్ళనుంచి తీసుకురావడానికి ఆటో మాట్లాడాం. బండి ఉన్న కుర్రాళ్ళు ఎవరైనా తిరుగు ప్రయాణంలో దించగలిగితే శుక్రవారంలోపు నాకు ఫోను చేయండి.

ప్రభువు సేవలో,
మీ అయ్యగారు